నర్సెస్ నోట్స్ ప్రామాణిక పదాలతో రాయడం ఎలా: ఎవరు చదివినా ఒకే అర్థం రావాలంటే

స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయిన పెద్దాయన మా వార్డులో ఉండేవారు. సోమవారం మార్నింగ్ సిస్టర్ "బ్యాక్ రెడ్‌గా ఉంది" అని రాసింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నామె "స్కిన్ డిస్‌కలరేషన్ ప్లస్" అని రాసింది. మంగళవారం ఇంకొకరు "బ్యాక్ కేర్ గివెన్" అని ఊరుకున్నారు. బుధవారం నేను పక్కకు తిప్పి చూసేసరికి చర్మం లేచిపోయి ఉంది. ముగ్గురూ చూశారు, ముగ్గురూ రాశారు. కానీ ఆ మూడు ముక్కలూ ఒకే చోటు గురించని, అది రోజురోజుకీ పెరుగుతోందని కేస్ షీట్ తిరగేసిన డాక్టర్‌కి గానీ, ఓవర్ (డ్యూటీ అప్పగింత) తీసుకున్న నాకు గానీ తెలియలేదు.

"నోట్స్ సరిగ్గా ఎలా రాయాలి అక్కా" అని అడిగే జూనియర్లందరికీ ముందు ఈ సంగతే చెబుతాను. హైదరాబాద్‌లో ఏ వార్డు చూసినా ఖమ్మం సిస్టర్, కొట్టాయం సిస్టర్, ఇంఫాల్ సిస్టర్ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు, పేషెంట్లేమో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడతారు. ఇంత మంది మధ్య ఒక గమనింపు చేతులు మారుతూ చెడిపోకుండా ఉండాలంటే పేరు ఒకటే ఉండాలి, కొలత ఒకటే ఉండాలి. ఇంగ్లీషు బాగా రాకపోయినా ఇది చెయ్యొచ్చు, కావాల్సిన పదాలు వార్డుకు నలభై, యాభై కంటే ఎక్కువ ఉండవు.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

☐ మీ ఆసుపత్రి ఆమోదించిన పొట్టి అక్షరాల జాబితా. చాలాచోట్ల క్వాలిటీ డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఉంటుంది, వార్డులో ఎవరూ చూసి ఉండరు. అడిగి జిరాక్స్ తెచ్చుకోండి.

☐ స్కేళ్లు: స్పృహకు జీసీఎస్, ప్రెషర్ ఇంజురీ (బెడ్‌సోర్) రిస్క్‌కు బ్రేడెన్, పడిపోయే రిస్క్‌కు మోర్స్, నొప్పికి 0–10, కాన్యులా (ఐవీ కోసం నరంలో పెట్టే గొట్టం) చోటుకు విప్ స్కోరు. ఐదూ లామినేట్ చేయించి మెడిసిన్ ట్రాలీకి కట్టేయండి.

☐ నర్సింగ్ డయాగ్నసిస్ పుస్తకం, వార్డు మొత్తానికి ఒకే ఎడిషన్. నాండా (నర్సింగ్ డయాగ్నసిస్ పేర్ల ప్రామాణిక జాబితా) పుస్తకంలో ఎడిషన్ మారినప్పుడు కొన్ని పేర్లూ మారతాయి, ఒకరు పాతది ఒకరు కొత్తది వాడితే మళ్లీ మొదటికే వస్తాం.

☐ సెంటీమీటర్ల పేపర్ టేపు, టార్చ్, సెకన్ల ముల్లున్న వాచీ.

2. పేషెంట్ అన్న మాటను అలాగే రాసి, పక్కన పదం పెట్టండి

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పేషెంట్ "గ్యాస్ పట్టేసింది సిస్టర్" అంటాడు, మనం "ఎసిడిటీ ప్లస్" అని రాసేస్తాం. గ్యాస్ అన్నది అతని అంచనా, దాన్ని మనం రోగంగా మార్చి రాసేశామన్నమాట. మీరు రాయాల్సిన వరస ఇది: అతను అన్న మాట కోట్స్‌లో, మీరు అడిగి తెలుసుకున్నది, ఆ తర్వాత ప్రామాణిక పదం.

మన దగ్గర రోజూ వినపడే మాటలు కొన్ని చూద్దాం.

"గ్యాస్": చేత్తో చూపించమనండి. ఛాతీ మధ్యనా, పొట్ట పైభాగమా? చేతికి గానీ దవడకు గానీ పాకుతోందా, చెమట పడుతోందా, ఎప్పటినుంచి? అప్పుడు "చెస్ట్ పెయిన్" లేదా "ఎపిగాస్ట్రిక్ పెయిన్" అని, నొప్పి స్కోరుతో రాయండి. ఛాతీ నొప్పి అయితే రాయడం తర్వాత, ముందు డ్యూటీ డాక్టర్‌ని పిలిచి ఈసీజీ సంగతి చూడండి.

"కళ్లు తిరుగుతున్నాయి", "చక్కర్ ఆ రహా": గది గిర్రున తిరుగుతున్నట్టుందంటే వర్టిగో. లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తోందంటే ప్రీసింకోపీ. రెండూ "గిడ్డీనెస్" అయిపోకూడదు. రెండోదైతే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే అది ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్, డాక్టర్‌కి చెప్పాలి, పడిపోయే రిస్క్ కూడా మళ్లీ లెక్కకట్టాలి.

"మోషన్స్": తెలుగులో "మోషన్ అవ్వలేదు" అంటే మలబద్ధకం, "మోషన్స్ అవుతున్నాయి" అంటే విరేచనాలు. మలయాళీ సిస్టర్‌కి ఈ తేడా ఎలా తెలుస్తుంది? ఎన్నిసార్లు, మలం రకాలు చూపే బ్రిస్టల్ చార్టులో 1 నుంచి 7 వరకు ఏ రకం, రక్తం ఉందా, ఇవి రాయండి.

"ఘబ్రాహట్": పాతబస్తీ నుంచి వచ్చే పేషెంట్ల దగ్గర చాలాసార్లు వింటాం. గుండె దడ కావచ్చు, ఊపిరి ఆడకపోవడం కావచ్చు, భయం కావచ్చు. "యాంగ్జైటీ" అని రాసే ముందు నాడి, శ్వాస, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), జీఆర్‌బీఎస్ (వేలి రక్తంతో చూసే షుగర్) చూడండి. షుగర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది.

"ఆయాసం": డిస్ప్నియా. పడుకున్నా ఉందా, బాత్రూం దాకా నడిస్తేనా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నాడా అన్నది కలిపితేనే ఆ పదానికి విలువ.

అటెండెంట్ చెప్పిందీ పేషెంట్ చెప్పిందీ కలిపేయకండి. "కొడుకు చెప్పిన ప్రకారం" అని విడిగా రాయండి.

3. "స్టేబుల్", "అడిక్వేట్", "ఓకే" తీసేసి కొలత పెట్టండి

"పేషెంట్ కాన్షియస్, వైటల్స్ స్టేబుల్, డ్యూ మెడిసిన్స్ గివెన్, నో ఫ్రెష్ కంప్లైంట్స్." ఈ ఒక్క లైను మన నగరంలో రోజుకు ఎన్ని కేస్ షీట్లలో పడుతుందో! ఇది చదివి రాత్రి మూడింటికి వచ్చిన సిస్టర్ ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. పోల్చుకోవడానికి ఇందులో ఒక్క అంకె కూడా లేదు కదా.

స్పృహ. "డ్రౌజీ", "సెమీ కాన్షియస్" ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. జీసీఎస్ రాయండి, అదీ మొత్తం ఒక్కటే కాకుండా భాగాలుగా: ఈ3 వీ4 ఎం6 (కళ్లు, మాట, కదలిక), మొత్తం 13. మొత్తం 13 ఇంకో రకంగా కూడా రావచ్చు, అందుకే విడివిడిగా కావాలి. ట్యూబ్ వేసి ఉంటే మాట పరీక్షించలేం కాబట్టి 1 వేయకుండా, పరీక్షించలేకపోయామని గుర్తు పెట్టండి. కళ్లు వాచి మూసుకుపోయినా అంతే.

శాచురేషన్. "98" అని మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. రూం ఎయిర్ మీదా, నేసల్ ప్రాంగ్స్‌తో నిమిషానికి 2 లీటర్ల మీదా, మాస్క్‌తో 6 లీటర్ల మీదా? నిన్న రూం ఎయిర్ మీద 97, ఇవాళ 6 లీటర్ల మీద 97 అంటే ఆ పేషెంట్ పరిస్థితి దిగజారుతున్నట్టే. అంకె మాత్రం అదే.

యూరిన్. "అడిక్వేట్" వద్దు, మిల్లీలీటర్లు, ఎన్ని గంటల్లో. పెద్దవాళ్లకు సాధారణంగా గంటకు కిలోకు 0.5 మి.లీ. కంటే తగ్గకూడదని చూస్తాం కాబట్టి 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. మీ అంకె దాని కింద ఉంటే అక్కడికక్కడే కనిపించిపోతుంది.

కాన్యులా. "ఐవీ సైట్ ఓకే"కి బదులు విప్ స్కోరు 0. నొప్పి, ఎర్రదనం, వాపు, ఈ మూడింట్లో రెండు ఉంటే స్కోరు 2, కాన్యులా తీసి వేరే చోట పెట్టాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇదే. అంకె రాసిన చెయ్యే తర్వాతి పని కూడా చెప్పేస్తుంది.

నొప్పి. "పెయిన్ ప్లస్" కాదు. చోటు, 0–10లో స్కోరు, మందు ఇచ్చిన టైం, మళ్లీ అడిగిన టైం, అప్పటి స్కోరు. రెండో స్కోరు లేని నొప్పి నోట్స్ అసంపూర్తి, మన దగ్గర చాలావాటిలో అదే ఉండదు.

ఇక చర్మం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

"బెడ్‌సోర్" అని ఇంట్లో అనండి, నోట్స్‌లో 2016 నుంచి వాడుతున్న పదం ప్రెషర్ ఇంజురీ. చర్మం చిట్లకపోయినా, వేలితో నొక్కితే తెల్లబడని ఎర్రదనం ఉంటే స్టేజ్ 1. పై పొర పోయి లోపలి పొర కనబడితే, లేదా నీటి బొబ్బ ఉంటే స్టేజ్ 2. కొవ్వు కనిపిస్తే 3. కండరం, స్నాయువు, ఎముక బయటపడితే 4. పుండు మీద పసుపు స్లఫ్ (చచ్చిన కణజాలం) గానీ నల్లటి చెక్కు గానీ కప్పేసి అడుగు కనబడకపోతే స్టేజ్ ఊహించొద్దు, "అన్‌స్టేజబుల్" అని రాయాలి. చర్మం చెక్కుచెదరకుండా ఊదా రంగులోకి మారి అలాగే ఉండిపోతే డీప్ టిష్యూ ప్రెషర్ ఇంజురీ.

పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్ల చర్మం మీదివే. మన పేషెంట్ల చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎర్రదనం కనిపించదు, నొక్కితే తెల్లబడటమూ తెలియదు. అందుకని చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా గానీ చల్లగా గానీ ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నాడా? వీటిని రాయండి. కంటికి ఎర్రగా కనిపించేదాకా ఆగితే మన వాళ్లలో స్టేజ్ 1 ఎప్పటికీ దొరకదు.

చర్మం విషయంలో మూడు తప్పులు పదేపదే చూస్తుంటాను. డైపర్ తడికి ఒరుసుకుపోయిన చర్మాన్ని స్టేజ్ 2 అని రాయడం; అది తేమ వల్ల వచ్చింది, దాని సంరక్షణ వేరు. మానుతున్న స్టేజ్ 4ని "ఇప్పుడు స్టేజ్ 3" అని దించడం. పోయిన కండరం తిరిగి రాలేదు, కాబట్టి "మానుతున్న స్టేజ్ 4" అనే రాయాలి. సైజు రాయకుండా "స్మాల్", "రూపాయి బిళ్లంత" అనడం.

మొదట చెప్పిన పెద్దాయన నోట్స్ సోమవారమే ఇలా ఉంటే సరిపోయేది: "ఉదయం 9:40. సాక్రం మీద 3 × 2 సెం.మీ. ఎర్రదనం, నొక్కితే తెల్లబడటం లేదు, చర్మం చిట్లలేదు, చుట్టూ కంటే వేడి. ప్రెషర్ ఇంజురీ స్టేజ్ 1. బ్రేడెన్ 11." సాక్రం అంటే వెన్ను అడుగున, పిరుదుల పైన ఉండే ఎముక. ఆ 11 ఎలా వచ్చిందంటే స్పర్శ 3, తేమ 2, నడక 1, కదలిక 2, పోషణ 2, రాపిడి 1. బ్రేడెన్‌లో అంకె తగ్గే కొద్దీ రిస్క్ పెరుగుతుంది, 18 లేదా అంతకంటే తక్కువైతే రిస్క్ ఉన్నట్టే. మోర్స్‌లో దీనికి తిరగబడి, అంకె పెరిగితే రిస్క్ ఎక్కువ. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంటారు, లామినేట్ షీట్ మీద బాణం గీసి పెట్టండి.

4. సమస్యకు పేరు పెట్టండి

నర్సింగ్ డయాగ్నసిస్ మూడు ముక్కలు: సమస్య, దేనివల్ల, ఏం చూసి అంటున్నారు. కాలేజీలో పీఈఎస్ అని చదువుకున్నదే.

"ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్ (శ్వాసదారి శుభ్రంగా ఉంచుకోలేకపోవడం), చిక్కటి కఫం, దగ్గే బలం లేకపోవడం వల్ల, శ్వాస నిమిషానికి 28, రెండు వైపులా రాంకై (ఊపిరిలో గరగర శబ్దం), రూం ఎయిర్ మీద శాచురేషన్ 91 చూసి."

ఇక్కడ "న్యుమోనియా" అని రాస్తే అది డాక్టర్ పెట్టే డయాగ్నసిస్, మీరు చేసే పనికి దారి చూపించదు. "రిస్క్" అని మొదలయ్యే డయాగ్నసిస్‌లకు లక్షణాలు ఉండవు, రిస్క్ కారణాలే రాయాలి. లక్షణం కనిపించేసిందంటే అది ఇక రిస్క్ కాదు, అసలు సమస్యే.

పది డయాగ్నసిస్‌లు రాసి ఏదీ పట్టించుకోకపోవడం కంటే ఈ షిఫ్టులో ముఖ్యమైన రెండో మూడో రాయడం మంచిదని నా అభిప్రాయం.

5. చేసిన పని, దాని ఫలితం

పనికి కూడా ప్రామాణిక పేర్లున్నాయి. నర్సింగ్ పనుల వర్గీకరణను ఎన్ఐసీ అంటారు, ఫలితాల వర్గీకరణను ఎన్ఓసీ. ఎన్ఓసీలో ఫలితాన్ని 1 నుంచి 5 వరకు కొలుస్తారు, 5 మెరుగైన స్థితి. పై పేషెంట్‌కి "ఎయిర్‌వే సక్షనింగ్" చేశారు, ముందు ఎయిర్‌వే పేటెన్సీ (శ్వాసదారి తెరుచుకుని ఉండటం) 2, గంట తర్వాత 3. ఇంతే చాలు, మీ చేతి పని ఏం మార్చిందో కాగితం మీదకు వచ్చింది.

మీ ఆసుపత్రిలో ఎన్ఓసీ వాడకపోయినా పరవాలేదు. శ్వాస 28 నుంచి 22కి, శాచురేషన్ 91 నుంచి 95కి అని ముందూ వెనకా రాయండి.

"బ్యాక్ కేర్ గివెన్" అన్నదాన్ని విడగొడితే ఇలా ఉండాలి: ఎడమ పక్కకు 30 డిగ్రీలు తిప్పాం, మడమల కింద దిండు, చర్మం తుడిచి ఆరబెట్టాం, మళ్లీ తిప్పాల్సిన టైం 11:40. టైం రాస్తేనే తర్వాతి సిస్టర్‌కి అది పని అవుతుంది.

"డాక్టర్ ఇన్ఫార్మ్డ్" కూడా ఇంతే. ఏ డాక్టర్, ఎన్నింటికి, మీరేం చెప్పారు, ఆయనేం చెప్పారు. ఫోన్‌లో ఆర్డర్ చెబితే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అలా వినిపించానని రాయండి.

6. పొట్టి అక్షరాలు

సమయం మిగులుతుందని వాడతాం, ప్రాణం మీదకు తెచ్చేవి ఇవే.

☐ ఇన్సులిన్ యూనిట్లకు "యు" అక్షరం వద్దు. ఇంగ్లీషు చేతిరాతలో అది సున్నాలా కనిపించి 10 యూనిట్లు 100 అవుతుంది. "యూనిట్లు" అని పూర్తిగా రాయండి.

☐ 5.0 అని రాయకండి, చుక్క మసకబారితే 50. 5 చాలు.

☐ .5 అని రాయకండి, 5 అయిపోతుంది. 0.5 రాయండి.

☐ "ఓడీ": మనకు రోజుకొకసారి, కంటి వార్డులో కుడి కన్ను.

☐ "ఎంఎస్": మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా, మైట్రల్ స్టెనోసిసా? పూర్తిగా రాయండి.

☐ "బీఎస్": బ్లడ్ షుగరా, బవెల్ సౌండ్సా, బ్రెత్ సౌండ్సా?

☐ "పీటీ": పేషెంటా, ఫిజియోథెరపీయా, ప్రోత్రాంబిన్ టైమా?

జీఆర్‌బీఎస్ మన వార్డుల్లో అందరికీ తెలుసు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు సీబీజీ అంటారు. రెండూ తప్పు కాదు, కానీ ఒక వార్డులో ఒకటే వాడండి, చార్టు పైన దాని పూర్తి అర్థం రాసి పెట్టండి.

7. ఓవర్ ఇచ్చేటప్పుడు ఇవే పదాలు నోట కూడా రావాలి

కాగితం మీద స్టేజ్ 1 అని రాసి, నోటితో "వీపు కొంచెం ఎర్రగా ఉంది చూసుకో" అంటే రాసింది వృథా. ఎస్‌బార్ వరస పట్టుకోండి: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ, మీ అంచనా, ఏం కావాలి.

"12వ బెడ్, సాక్రం మీద స్టేజ్ 1 ప్రెషర్ ఇంజురీ, ఇవాళే కనిపించింది. స్ట్రోక్, నాలుగో రోజు, ఎడమ వైపు బలం లేదు. బ్రేడెన్ 11, పెరిగే రిస్క్ ఎక్కువ. రెండు గంటలకోసారి తిప్పాలి, ఎయిర్ బెడ్ అడిగాం ఇంకా రాలేదు, మీరు ఫాలో అప్ చెయ్యండి." అర నిమిషం కూడా పట్టదు. వీలైతే ఇద్దరూ బెడ్ దగ్గరే నిలబడి, చర్మం చూసుకుని ఓవర్ ఇచ్చుకోండి.

8. తప్పు రాస్తే, ఆలస్యమైతే

వైట్‌నర్ వద్దు, గీకడం వద్దు, పేజీ చించడం అసలే వద్దు. ఒక్క గీత కొట్టండి, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి, పక్కన సంతకం, తేదీ, టైం. ఎమర్జెన్సీలో రాయలేకపోతే తర్వాత "లేట్ ఎంట్రీ" అని మొదలుపెట్టి, రాస్తున్న టైం, జరిగిన టైం రెండూ వేయండి. చేయబోయే పనిని ముందే రాసిపెట్టుకోవడం ఎంత రద్దీ ఉన్నా చేయకండి.

9. ఇన్‌ఛార్జ్ సిస్టర్లకు: వార్డు మొత్తాన్ని ఒక దారిలోకి తేవడం

అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఎవరూ చేయరు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. మీ వార్డులో ఎక్కువగా జరిగే ఒక్క సమస్య ఎంచుకోండి. న్యూరో, ఆర్థో అయితే ప్రెషర్ ఇంజురీ, సర్జికల్ అయితే నొప్పి, మెడికల్ అయితే ఇన్‌టేక్–అవుట్‌పుట్. ఆ ఒక్కదానికి పదాలు, స్కేలు, నోట్స్ నమూనా ఒక పేజీలో పెట్టండి. రెండు వారాలు దాని మీదే ఉండండి, కుదురుకున్నాక రెండోది.

స్కేలు వేయడం అందరికీ ఒకేలా వస్తోందో లేదో చూడటానికి ఒక పేషెంట్‌కి ఇద్దరు సిస్టర్లు విడివిడిగా స్కోరు వేయాలి. ఒకరికి 11, ఇంకొకరికి 16 వస్తే ఎవరినీ తిట్టకండి, ఏ గడిలో తేడా వచ్చిందో ముగ్గురూ కూర్చుని చూడండి. మా దగ్గర ఎప్పుడూ పోషణ గడిలోనే వచ్చేది, ఎందుకంటే అటెండెంట్ "తింటున్నారు" అంటే ఒకరు నమ్మేవారు, ఒకరు ప్లేట్ చూసేవారు.

కంప్యూటర్ సిస్టం వస్తోందంటే ఆ మీటింగ్‌లో నర్సులు కూర్చోవాలి. భారత ప్రభుత్వ ఈహెచ్ఆర్ (కంప్యూటర్‌లో ఉండే ఆరోగ్య రికార్డు) ప్రమాణాలు 2016లో సూచించిన పదకోశం స్నోమెడ్ సీటీ. 2014 నుంచి మన దేశం అందులో సభ్యురాలు కాబట్టి ఇక్కడ వాడుకోవడం ఉచితం, పుణె సీడాక్‌లోని ఎన్ఆర్‌సీఈఎస్ అనే జాతీయ కేంద్రం దాన్ని అందిస్తుంది. నర్సింగ్ పదాల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీఎన్‌పీ కూడా 2021 నుంచి అందులో భాగంగా వస్తోంది. అందులో ఒక భావానికి ఒక అంకె. మీరు డిస్ప్నియా అని వెతికినా బ్రెత్‌లెస్‌నెస్ అని వెతికినా 267036007 దగ్గరికే చేరుతుంది. నాండా పేర్లను సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలంటే మాత్రం లైసెన్స్ కావాలి, ఆ సంగతి ఐటీ వాళ్లకు ముందే చెప్పండి. డ్రాప్‌డౌన్‌లో "స్టేబుల్" అన్న ఆప్షన్ కనిపిస్తే తీయించేయండి, ఉందంటే అందరూ అదే నొక్కుతారు. పేషెంట్ సొంత మాటలు రాసుకోవడానికి ఒక ఖాళీ గడి మాత్రం తప్పకుండా అడగండి.

వారానికి ఐదు కేస్ షీట్లు తీసి ఇవి చూడండి:

☐ పేషెంట్ మాట కోట్స్‌లో ఉందా, పక్కన పదం ఉందా?

☐ ప్రతి గమనింపుకు అంకె, టైం ఉన్నాయా?

☐ ఒకే చోటును మూడు షిఫ్టులూ ఒకే పేరుతో పిలిచాయా?

☐ పని తర్వాత మళ్లీ చూసిన అంకె ఉందా?

☐ నిషేధించిన పొట్టి అక్షరాలు ఎన్ని దొరికాయి?

ఐదింటిలో ఏది ఎక్కువ తప్పుతోందో మరుసటి వారం ఓవర్‌లో ఐదు నిమిషాలు దాని గురించే మాట్లాడండి. తప్పు రాసిన సిస్టర్ పేరు చెప్పకండి, ఆ లైను మాత్రం బోర్డు మీద రాసి, దీన్ని ఎలా రాద్దాం అని అందరినీ అడగండి.